ఏడో వంట

నా కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య అనకాపల్లి చుట్టుపక్కల ఊళ్ళ బెల్లమంతా ఒక్కసారైనా నలిగింది. ఎక్కువ చెప్పాననిపిస్తే సగం తీసేయండి. మిగిలిన సగానికి సాక్షులున్నారు, వాళ్ళలో ఇద్దరు బతికే ఉన్నారు.

నా పేరు గంధం నూకరాజు. మా ఊరి బళ్ళో ఐదో తరగతి దాకా చదివాను. ఆరులో కూర్చోబెట్టాలని మాస్టారు చాలా పాటుపడ్డారు గానీ, అప్పటికే బెల్లం పెనం దగ్గర నేను లేకపోతే పాకం ముదిరిపోయేది. అరవై ఏళ్ళు ఆ పెనం దగ్గరే నిలబడ్డాను. ఉడుకుతున్న పాకాన్ని గరిటెతో తీసి చన్నీళ్ళలో వేసి, వేళ్ళతో ఉండ చేసి, పళ్ళెం అంచుకేసి కొట్టాలి. ఠంగుమంటే దించాలి. ఒకసారి నేను కొట్టిన ఉండ శబ్దాన్ని బడి గంట అనుకుని పక్క ఊరి పిల్లలంతా ఇళ్ళకు వెళ్ళిపోయారు. దీనికి మాత్రం సాక్షులు లేరు.

ఈ వేళ్ళ పుణ్యమా అని డెబ్భయ్యో ఏట నాకు ఉద్యోగం వచ్చింది. ఎక్కడనుకున్నారు? ఆడవాళ్ళ రొమ్ములు తయారుచేసే ఫ్యాక్టరీలో.

నవ్వుకోండి. మా ఊరు వారం రోజులు నవ్వింది.

డాక్టర్ సువర్చల గారని ఒక శాస్త్రవేత్త వేడి బెల్లం తిందామని మా పెనం దగ్గరికి వచ్చింది. బెల్లం మాట మరిచిపోయి నా వేళ్ళనే చూస్తూ నిలబడిపోయింది.

"తాతగారూ, ఇప్పుడే దించాలని మీకెలా తెలిసింది?"

"అదే సెప్పిందమ్మా."

"నా దగ్గరా ఒక పాకం ఉంది. మూడేళ్ళయింది, నాకు ఏమీ చెప్పడం లేదు. మీరొచ్చి వింటారా?"

విశాఖపట్నం అవతల, సముద్రం పక్కన, సౌష్ఠవ అనే కంపెనీ. క్యాన్సరు వచ్చి రొమ్ము తీసేసిన వాళ్ళకీ, ఉన్నది చాలదనుకునే వాళ్ళకీ లోపల అమర్చే సిలికోన్ తిత్తులు అక్కడ తయారవుతాయి. పైన పల్చటి తోలు, లోపల జెల్. తోలు ఎప్పటికైనా చిరగొచ్చు, అది దాని తప్పు కాదు. లోపలిది తేనెలా ఉంటే మాత్రం ఒళ్ళంతా పాకుతుంది. చంకలోకి పోతుంది, కండలోకి ఇంకుతుంది, ఏ డాక్టరూ పూర్తిగా తీయలేడు. జున్నుముక్కలా ఉంటే, చిరిగినా ఉన్నచోటే కూర్చుంటుంది. జున్ను కావాలి, కానీ చేత్తో తాకితే ఒంట్లో కండలా మెత్తగా ఉండాలి. ఆ రెంటి మధ్య గీత ఎక్కడుందో సువర్చల గారి యంత్రాలకు దొరకలేదు. నా వేళ్ళకు నాలుగో రోజున దొరికింది. ఒక కార్డు మెడలో వేశారు. దాని మీద రాసిన నా పదవి పేరు ఇప్పటికీ నాకు నోరు తిరగదు.

అసలు వింత అది కాదు. ఒకే పెనంలో ఉడికిన జెల్ రేణువులు, ఎంత దూరాన ఉన్నా ఒకదాన్నొకటి మరిచిపోకుండా ఆవిడ ఏదో చేసింది. గంటసేపు బోర్డు మీద గీసి చూపించింది. నేను గంటసేపు తలూపాను. చివరికి ఆవిడకే నా మీద జాలేసి, ఒక ముద్దను రెండు ముక్కలు చేసి, ఒకటి టిఫిన్ డబ్బాలో పెట్టి నా చేతికిచ్చింది.

నేను బస్సెక్కి గాజువాకలో మస్తాను మాంసం కొట్టుకు వెళ్ళాను. పది గంటలకు సరిగ్గా, ముక్కను చీల్చి వేడి నెత్తురులో ముంచాను.

"తాతా, ఇదేం కూర?" అన్నాడు మస్తాను.

"నీకు అరగదు, ఒగ్గేయ్" అన్నాను.

ఫోను మోగింది. అటునుంచి సువర్చల గారు నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. "తాతగారూ! చుక్క! సీసాలో మిగిలిన ముక్క మీద ఎర్ర చుక్క!"

అర్థమైందా? ప్రతి వంట నుంచీ, అంటే పెనంలో ఒక విడత ఉడికిన సరుకు నుంచీ, ఒక ముద్ద సీసాలో ఉంచుతాం. దానికి నేను తల్లిముద్ద అని పేరు పెట్టాను. ఆ వంట తిత్తి ఏ ఊళ్ళో ఏ తల్లి ఒంట్లో చిరిగినా, సీసాలో ముద్ద మీద ఎర్ర చుక్క పొడుస్తుంది. ఒక చిరుగుకు ఒక చుక్క. ఎవరిదో చెప్పదు గానీ ఏ వంటదో చెబుతుంది. వెంటనే ఆ వంట తిత్తులు పెట్టుకున్న వాళ్ళందరినీ పిలిచి చూడొచ్చు.

కంపెనీ యజమాని కళాధర్‌కు ఇది తెగ నచ్చింది. ముప్పై ఎనిమిదేళ్ళ వాడు, దారిలో ఏ అద్దం కనిపించినా ఆగి పలకరించేవాడు. "తాతా, ప్రపంచంలో ఇలాంటిది ఎవరికీ లేదు" అని నా భుజం తట్టాడు. మంచి వంటలకు మాత్రమే తల్లిముద్ద ఉంచమని ఆర్డరు వేశాడు. నేను పాత అలవాటు మానలేదు. మా పెనాల దగ్గర చెడిన వంట నుంచి కూడా చిటికెడు తీసి మూల దాస్తాం, మళ్ళీ అలా వండకూడదని చూసుకోవడానికి. దారానికి చీటీ కట్టి ప్రతి వంటనూ వరసగా బీరువాలో పెట్టేవాణ్ణి.

ఆరో వంట నా జీవితంలోనే గొప్ప వంట. కత్తితో కోస్తే కోసినట్టే నిలబడింది.

ఏడో వంటను వేళ్ళ మధ్య పెట్టగానే తీగ సాగింది. ఒక రకమైన వాసన. కిటికీ అద్దాలు అతికించే గొట్టంలోంచి వస్తుందే, అదే. సువర్చల గారు ఆ వారం ఢిల్లీలో ఉంది. నేను నేరుగా కళాధర్ గదికి వెళ్ళాను.

"బాబుగారూ, ఇది మన పాకం కాదు. ఇందులో ఎవులో ఏదో కలిపీనారు. ఇది కారిపోతాది."

ఆయన నవ్వాడు. "తాతా, నీ వేళ్ళకు వయసైపోయింది."

"నా ఏళ్ళకి కాదు బాబూ, ఈ వంటకి వయసు రాలేదు."

"సరే సరే. నీ మాట కాదంటానా? పారబోయిస్తాలే, వెళ్ళు."

నమ్మాను. నేను చేసిన తప్పు అదొక్కటే, కానీ అది చాలు.

ఆ నెలలోనే మా అమ్మాయి వరహాలు సంగతి వచ్చింది. అనకాపల్లిలో లేడీస్ టైలరు. అంతకు రెండేళ్ళ ముందు, నలభయ్యో ఏట, కుడి రొమ్ములో క్యాన్సరు గడ్డ వచ్చి, మొత్తం తీసేశారు. ఏడిచింది ఒక్కరోజు. మర్నాడు పాత జాకెట్ గుడ్డతో సంచీ కుట్టి, దూదితో నింపితే తేలిపోతోందని ఆవాలు పోసి, ఎడం పక్కతో తూకం సరిచూసుకుని, మిషను ముందు కూర్చుంది. అలా రెండేళ్ళు.

"నాన్నా, నువ్వు కలిపిందే గావాలి నాకు" అంది ఒకరోజు. "ఆవాలు వేసంకాలం కొరుకుతున్నాయి."

ఆసుపత్రిలో డాక్టరమ్మ పళ్ళెం నిండా నమూనాలు పెట్టింది. గుండ్రటివి, నీటిచుక్క ఆకారానివి, నున్నటివి, గరుకువి. రెండువందల డెబ్భై ఐదు సీసీ సరిపోతుందంది.

"సీసీలంటే మోటార్ సైకిలుకి గదమ్మా?" అంది వరహాలు. ప్లాస్టిక్ సంచీలో బియ్యం కొలిచి పోసుకుని, జాకెట్లో పెట్టుకుని అద్దంలో చూసుకుంది. "సోలా గిద్ద. అలా సెప్పండి, అర్థమవుతాది."

చుక్క ఆకారమైతే సహజంగా ఉంటుంది గానీ, లోపల తిరిగిపోకుండా గరుకు తోలు ఉండాలనీ, కొన్ని గరుకు రకాల వల్ల అరుదుగా వేరే క్యాన్సరు వచ్చిందనీ డాక్టరమ్మ దాచకుండా చెప్పింది.

"దాని మొకం ఒకసారి సూసినాను, సాలు. నున్నటి గుండ్రందే ఇయ్యండి. ఎచ్చుతగ్గులు నాను జాకెట్టులో సరిసేసుకుంటాను."

పెట్టె నేనే ఎంచాను. దాని మీద అచ్చు అక్షరాల్లో ఆరో వంట అని ఉంది. నా రెండు చేతులతో తీసి డాక్టరమ్మకు ఇచ్చాను. ఆపరేషను బాగా జరిగింది. నెల తిరక్కుండా వరహాలు కొత్త జాకెట్టు కుట్టుకుని, అద్దం ముందు పక్కకు తిరిగి చూసుకుని, "ఒరే నాన్నా, నీ వంట బాగుందిరా" అంది. ముద్దొస్తే నన్ను అలాగే అంటుంది.

ఏడాది గడిచింది. ఒక ఉదయం బీరువా తీస్తే, ఏడో సీసాలో తల్లిముద్ద మీద ఎర్ర చుక్క.

పారబోసిన పాకం ఎవరి నెత్తురు తాగుతోంది?

వారంలో నాలుగు చుక్కలు. సువర్చల గారిని పిలిచి చూపించాను. ఆవిడ చుక్కలు లెక్కపెట్టింది. "ఏడోది బయటికి వెళ్ళిందా?" అంది. సరాసరి కళాధర్ గదికి వెళ్ళింది. తలుపు అవతల నుంచి ఆవిడ గొంతు వినిపించింది, తర్వాత ఆయన గొంతు. ఆ సాయంత్రానికి ఆవిడ కార్డు గేటు దగ్గర పనిచేయలేదు. "ఏడో వంట అన్నది లేనే లేదు" అని కంపెనీ అంతటా చెప్పారు. నా సీసా సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు, నన్నూ చెప్పొద్దంది.

నాకు ఒకటే ధైర్యం. పాపం ఎవరికో గానీ, మా పిల్లది ఆరోది.

తొమ్మిదో చుక్క పొడిచిన రోజున వరహాలు ఫోన్ చేసింది. "నాన్నా, చంకలో ఏదో ఉండ కట్టింది. మంట. బేగి రా."

డాక్టరమ్మ కోసి తీసింది. ఉక్కుపళ్ళెంలో తెచ్చి చూపించింది. తోలు చిరిగి ఉంది, లోపలిది నెత్తుటితో కలిసి పసుపచ్చగా కారుతోంది. "చంకలోది కొంత తీశాను, కొంత రాలేదు" అంది. నేను చెయ్యి చాచి, రెండు వేళ్ళ మధ్య పెట్టుకున్నాను. తీగ సాగింది. కిటికీ అద్దాల వాసన.

ఆరో నంబరు పెట్టెలో ఏడో వంట. నేనే ఎంచి, నేనే ఇచ్చాను.

వరహాలుకు తెలివి వచ్చాక చెప్పాను. నన్ను తిడుతుందనుకున్నాను. ఒకటే అడిగింది. "ఇంకెంతమందికి పెట్టీనాడు నాన్నా?"

"తెలీదమ్మా. పెట్టెలన్నిటి మీదా ఆరే ఉంది. ఎవులికి మంచిది, ఎవులికి సెడ్డది, ఆ జాబితా ఆడి దగ్గరే ఉంటాది."

"అయితే అది రావాల. చిరక్కముందే తీస్తే కారదు గదా?"

"కారదు."

వరహాలు ఇంటికొచ్చాక కళాధర్ ముందు నిలబడ్డాను. "బాబూ, మా పిల్లది పోనీండి. మిగిలిన ఆడకూతుళ్ళ పేర్లు ఇచ్చీండి. దండం పెడతాను."

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "మీ అమ్మాయి రోజంతా మిషను మీద వంగి కూర్చుంటుంది కదా తాతా, చిరిగి ఉంటుంది. ఏడోది లేదు, జాబితా లేదు. అయినా పది మంది ముందుకొచ్చి నా రొమ్ము చిరిగిందని ఏ ఆడది చెబుతుంది? ఒక్కరు చెబుతారా? చూద్దాం."

ఈ మాట ఇంటికి మోసుకొచ్చాను. వరహాలు కత్తెర కింద పెట్టింది. మళ్ళీ ఆవాల సంచీ కుట్టుకుంటోంది అప్పటికి.

"నాను ఉద్యోగం మానేస్తానమ్మా" అన్నాను.

"మానీకు. నీ కాళ్ళు అక్కడే ఉండాల. సిగ్గు మాదనుకుంటన్నాడు గదా. ఆడి సిగ్గు ఎక్కడుందో ఎతుకు నాన్నా."

వెతకక్కర్లేకుండా అదే వచ్చి నా ముందు నిలబడింది. కంపెనీ కొత్త సరుకు మొదలుపెట్టింది, మగవాళ్ళ ఛాతీ తిత్తులు. వ్యాయామం చేయకుండానే చేసినట్టు కనిపించడానికి. మొదటి జత తనే పెట్టుకుంటానని, పత్రికల వాళ్ళ ముందు చొక్కా విప్పి చూపిస్తానని కళాధర్ ప్రకటించాడు. ఆపరేషనుకు రెండు రోజుల ముందు నన్ను గదికి పిలిచి తలుపు వేశాడు.

"తాతా, నావి ఆరో వంటతో చెయ్యాలి. అసలైన ఆరు. నువ్వే స్వయంగా నింపాలి. ఇంకెవరి చేతినీ నేను నమ్మను."

"నా ఏళ్ళకి వయసైపోయిందన్నారు గదా బాబూ?"

"అబ్బ, అది సరదాకి."

చూశారా, ఎంత సరదా మనిషో! నింపాను. సీలు వేశాను. పెట్టె మీద ఆరో వంట అని చీటీ అంటించాను. ఆయన ఒంట్లో అమర్చారు. నెలన్నరకు గాయాలు మానాయి.

సముద్రం ఒడ్డున పెద్ద హోటల్లో, పొద్దున పదకొండు గంటలకు సభ. కెమెరాలు, పూలు, కాఫీలు. ముందు వరసలో, నేను వెనక తలుపు నుంచి తెచ్చి కూర్చోబెట్టిన సువర్చల గారు, పక్కన వరహాలు. వరహాలు ఆ రోజు ఆవాల సంచీ పెట్టుకోలేదు. కుడి పక్క చదునుగా, కొంగు సరిచేసుకోకుండా, తల ఎత్తి కూర్చుంది.

కళాధర్ చొక్కా విప్పాడు. నిజం చెప్పాలి, నా పనితనం బాగా కనిపించింది. కెమెరాలు మెరిశాయి. "నా సరుకు మీద నాకెంత నమ్మకమో ఇదే రుజువు" అని గుండె మీద చరుచుకున్నాడు.

వరహాలు లేచింది. "బాబుగారూ, నా కుడి రొమ్ములో మీ తిత్తి చిరిగింది. ఏడో వంటది." గొంతు ఎక్కడా తడబడలేదు. "ఒక్కరు సెబుతారా అన్నారంట గదా. సెబుతున్నాను."

కళాధర్ నవ్వు సర్దుకున్నాడు. "పాపం, ఆవిడ బాధ నాకర్థమైంది. కానీ ఏడో వంట అన్నది లేనే లేదు. కావాలంటే మా తాతనే అడగండి."

నేను సంచీలోంచి సీసా తీసుకుని వేదిక ఎక్కాను. తల్లిముద్ద మీద అప్పటికి ముప్పై ఒక్క చుక్కలు. గోరింటాకు పెట్టిన అరచెయ్యిలా ఉంది. మైకు ముందు పెట్టాను.

"బాబుగారు సెప్పింది నిజమే. ఏ పెట్టె మీదా ఏడు అని లేదు" అన్నాను. ఆయన తలూపాడు. "మా పిల్ల పెట్టె మీద కూడా ఆరు అనే ఉంది." ఆయన తల ఆగింది. "బాబుగారి పెట్టె మీద కూడా ఆరు అనే ఉంది. చీటీ నానే అంటించినాను."

అంతే. ఇంకొక్క మాట అనలేదు. ఆయన వంక చూసి, పళ్ళు లేని నోటితో నవ్వాను.

మనిషి ముఖంలో నెత్తురు అంత తొందరగా దిగడం నేనెక్కడా చూడలేదు. రెండు చేతులూ ఛాతీ మీదికి వెళ్ళాయి.

"తాతా... ఏడోదా? నాకు పెట్టింది ఏడోదా? చెప్పు తాతా!"

"ఏడోది లేదు గదా బాబూ" అన్నాను.

"చెప్పు ముసలోడా! అందులో కిటికీలు అతికించే సరుకుంది! డాక్టర్లను పిలవండి! ఇది కారిపోతుంది, ఎవడైనా తీయండి!"

ముందు వరసలో ఒక విలేకరి అమ్మాయి మెల్లిగా అడిగింది. "సర్, ఏడో వంట లేదన్నారు కదా?"

"రెండువందల పన్నెండు మందికే! అందరి పేర్లూ నా దగ్గరున్నాయి, అన్నీ ఇస్తాను! ముందు నాది తీయండి!"

కెమెరాలన్నీ తిరుగుతూనే ఉన్నాయి. చొక్కా లేకుండా, గుండెలు పట్టుకుని, వేదిక మీద అటూ ఇటూ పరుగెత్తాడు. వరహాలు కూర్చుని కాఫీ తాగింది.

అధికారులు ఫ్యాక్టరీకి తాళం వేశారు. జాబితా సువర్చల గారి చేతికి వచ్చింది. వరహాలు ఒక్కతె పోగా రెండువందల పదకొండు మంది. తిత్తి పెట్టుకున్న తేదీల ప్రకారం ఆవిడ వరస వేసి, ఒక్కొక్కరినీ పిలిచి తీయిస్తోంది. చాలామందివి చిరక్కముందే బయటపడ్డాయి. కళాధర్ తనవి వెంటనే తీయించుకోవాలని ఎక్కని ఆసుపత్రి మెట్టు లేదు. కేసులో ఆయన ఛాతీ రుజువు అట, వరస తప్పించి ఎవరూ ముట్టుకోకూడదని ఉత్తర్వు వచ్చింది. అందరికన్నా ఆఖరున పెట్టుకున్నాడు కాబట్టి ఆఖరి పేరు ఆయనదే.

వరహాలు మళ్ళీ తిత్తి పెట్టించుకోలేదు. చంకలో మిగిలిన ముక్క చలికాలం లాగుతూ ఉంటుంది. "ఆవాలు నన్నెప్పుడూ మోసం సెయ్యలేదు" అంటుంది. తీయించుకుని వచ్చిన వాళ్ళలో కావలసిన వాళ్ళకు సంచీలు కుట్టి ఇస్తోంది. ఎడమా కుడీ కొలిచి, ఎవరి తూకం వాళ్ళకు.

నన్ను తల్లిముద్దకు కాపలా పెట్టారు. బెయిలు మీద ఉన్న కళాధర్ ప్రతి సోమవారం పోలీస్ స్టేషన్లో సంతకం చేసి, సరాసరి నా దగ్గరికి వస్తాడు. సీసాలో చుక్కలు లెక్కపెడతాడు. ఒకటి పెరిగిందంటే చొక్కా లోపలికి చెయ్యి పోతుంది. అద్దాల వంక చూడ్డం మానేశాడు.

మొన్న సోమవారం ఒక చుక్క పెరిగింది. ఆయన కుర్చీలో కూలబడి, చొక్కా గుండీలు విప్పి, నా చెయ్యి పట్టుకుని ఛాతీ మీద పెట్టుకున్నాడు. కళ్ళనిండా నీళ్ళు.

"తాతా, నీ కాళ్ళు పట్టుకుంటాను. నొక్కి చూడు. ఏ పాకమో నీ వేళ్ళకు తెలుస్తుంది. ఒక్క మాట చెప్పు చాలు, రాత్రిళ్ళు నిద్రపోతాను."

బొటనవేలు, చూపుడువేలు ఆనించి మెల్లిగా నొక్కాను. జున్నుముక్క. అణువంత కదల్లేదు. మంచి పాకాన్ని చెడగొట్టడం ఈ చేతికి ఎప్పుడూ రాలేదు. నా జీవితంలోకెల్లా గొప్పదైన ఆరో వంట, ఆ రొమ్ముల వెనక హాయిగా కూర్చుని ఉంది.

జాబితాలో ఇంకా నూట నలభై మంది ఉన్నారు. ఆయన వంతు రావడానికి రెండేళ్ళు పడుతుంది.

చెయ్యి తీసేశాను.

"తెలియట్లేదు బాబూ" అన్నాను. "నా ఏళ్ళకి వయసైపోయింది."